హుక్కుల పట్టీ

నెవేర్, 1951 మార్చి 4

ప్యారిస్‌లోని ఒర్విల్ దుస్తుల సంస్థ వారికి అపోలీన్ బ్రెసాక్ నమస్కరించి రాస్తున్నది.

అయ్యా, జుట్టు చేయించుకుందామని వెళ్తే అక్కడ ఓ పత్రిక కనిపించింది. అందులో మీరు కుట్టిన సాయంత్రపు గౌను బొమ్మ ఉంది, వెనక నుంచి తీసింది. ఎనిమిది పొరల నెట్ గుడ్డ కుచ్చెళ్లు, భుజాన దారమంత పట్టీలు, వీపుకు అంటుకుపోయిన రవిక. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాలే నాట్యశాల కుట్టుగదిని నడిపినదాన్ని. అది నాట్యకత్తె రవికే. మరొకటి కాదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. దాన్ని ఎవరు కుట్టారు?

ఇట్లు,
అపోలీన్ బ్రెసాక్

తా.క.: నడుము దగ్గర నెట్ గుడ్డను అంత బిగించి కుచ్చెళ్లు పోస్తే కూర్చోవడం కష్టం. మా నాట్యం పిల్లలకు కూర్చునే తీరికే ఉండేది కాదు కాబట్టి మాకు నడిచింది.

ప్యారిస్, మార్చి 9

గౌరవనీయులైన బ్రెసాక్ గారికి,

మా ముప్ఫై ఏడో నంబరు గౌను మీద మీరు చూపిన మక్కువకు కృతజ్ఞతలు. దాన్ని కొలతలు తీసుకుని మాత్రమే కుడతాం. కొలతల కాగితం జతపరిచాను. నింపి పంపగలరు.

విధేయుడు,
ఎద్గార్ వాలూయ్, ఉత్తరాల విభాగం

తా.క.: కూర్చోవడం సంగతి కుట్టుగదికి తెలియజేశాను. "విందుకు వెళ్లి కూర్చోవడమెందుకు?" అని జవాబు వచ్చింది.

నెవేర్, మార్చి 12

వాలూయ్ గారికి,

ఎవరు కుట్టారని అడిగితే నీ నడుమెంత అంటారా? సరే, కాగితం పంపారు కాబట్టి మర్యాద కోసం నింపాను. వయసు డెబ్భై రెండు. నడుము తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. ఛాతీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పుడు నాకే తెలియదు, మీకు తోచిన అంకె వేసుకోండి.

ఒకప్పుడు నాట్యకత్తెల గౌన్లు చీలమండల దాకా ఉండేవి. కాళ్ల పనితనం కనబడాలని పైపైకి కత్తిరిస్తూ వచ్చారు. వేదిక మీద చూసి ముందు నోళ్లు నొక్కుకున్న దొరసానులే, పదేళ్లు తిరిగేసరికి అవే నెట్టులు, అవే పట్టీలు తమ దర్జీల చేత కుట్టించుకునేవారు. కాబట్టి మీరు మమ్మల్ని చూసి కుట్టారంటే నాకేం వింత కాదు.

వింత మరొకటుంది. బొమ్మలో వీపు మీది హుక్కుల పట్టీ చూడండి. లోకమంతా కుడివైపుదాన్ని పైకి వేస్తుంది. మీ గౌనుకు ఎడమవైపుది పైకి వచ్చింది. అలా తిరగేసి కుట్టే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆ మనిషి మా గదిలోంచే వచ్చింది. పేరు చెప్పండి.

ఇట్లు,
అపోలీన్ బ్రెసాక్

తా.క.: ఆ పత్రికలో పేజీ చింపుకొచ్చేశాను. దుకాణం పిల్ల చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ప్యారిస్, మార్చి 20

బ్రెసాక్ గారికి,

మీ ఉత్తరాన్ని మా వకీలు చదివారు. మీ కుట్టుగది నుంచి మేము నమూనాను గానీ, మనిషిని గానీ ఎత్తుకొచ్చామన్న ఆరోపణను సంస్థ ఖండిస్తోంది. పట్టీ తిరగబడటం మా సంస్థ తెచ్చిన కొత్త పోకడ. పక్క వీధి సంస్థ కూడా ఇప్పుడు అలాగే కుడుతోంది. ఇకపై మీరు వకీలు ద్వారానే రాయవలసి ఉంటుంది.

ఎద్గార్ వాలూయ్

తా.క.: ఇది నా సొంత మాట. మీ కొలతల కాగితం వకీలు గారి ఫైల్లోకి వెళ్లిపోయింది. "ఈ నడుము దేనికి సాక్ష్యం?" అని నిలదీశారు.

నెవేర్, మార్చి 23

నాయనా ఎద్గార్,

వకీలును ఇంటికి పంపెయ్. నేను దావా వేసేదాన్ని కాదు. మొదటి ఉత్తరంలోనే ఇది చెప్పాల్సింది, చెయ్యాడలేదు.

ఆ మనిషి నా కూతురు లెయోనీ. ఎడమచేతి వాటం. పన్నెండో ఏట నా పక్కన కూర్చుని సూది పట్టింది. పట్టీ తిరగేసి కుట్టేది. విప్పించేదాన్ని. మళ్లీ అలాగే కుట్టేది.

1938 అక్టోబరులో ఓ రోజు గదిలో అందరి ముందూ అంది: "అమ్మా, ఇవి వేదిక మీదే ఎందుకు మగ్గాలి? నాలుగు పొరలు తగ్గిస్తే ఆడవాళ్లు వీధిలో వేసుకుంటారు. నేను దుకాణం పెడతాను."

"వీధిలో తిరిగేవాళ్ల కోసమా నీకు పని నేర్పింది?" అన్నాను.

"నువ్వు కుట్టినవి మాత్రం? పెట్టెల్లో ఎలుకలు కొరకడానికేగా!" అంది.

చెంప మీద కొట్టాను. కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మార్సేయ్‌లో దుకాణం పెట్టిందని విన్నాను. తను రాయలేదు. ముందు తనే రాయాలని నేనూ రాయలేదు. 1944లో అక్కడ బాంబులు పడ్డాక మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది, ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదని. మనిషిని చూపించలేదు కాబట్టి నేను నమ్మలేదు. ఏడేళ్లుగా నమ్మలేదు. మీ బొమ్మ చూసి, బతికే ఉంది, అమ్మ మీద కోపంతో రాయడం లేదంతే అనుకున్నాను. కోపం ఉంటే ఉండనీ. అక్కడుందో లేదో చెప్పు, చాలు.

అపోలీన్

తా.క.: ఉంటే, నేను అడిగినట్టు చెప్పకు, పని మానేసి పోతుంది. సూపు చల్లారిపోయేదాకా తాగదు. ఆ ఒక్కటీ కాస్త చూడు.

ప్యారిస్, మార్చి 27

అమ్మా,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని కుట్టుగదికి వెళ్లాను. ఆరేళ్లుగా ఆ గది గురించి రాస్తున్నాను గానీ, అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి. నలభై రెండు మందిని అడిగాను. లెయోనీ అనే మనిషి ఇక్కడ ఎప్పుడూ పని చెయ్యలేదు.

గది పెద్దావిడ జరిగింది చెప్పింది. యుద్ధం అయ్యాక ఓ నాట్యశాల పాత బట్టల పెట్టెలు వేలం వేస్తే, మా యజమాని ఓ రవిక కొన్నాడట. దాన్ని విప్పి, ముక్కముక్కా కాగితం మీద గీయించి, అచ్చంగా అలాగే కుట్టమన్నాడట. పట్టీ తిరగబడిందని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అదే పోకడైపోయింది. మీరు చూసింది పాత పనికి నకలు.

విప్పిన ఆ పాత రవిక ముక్కలు ఈ పార్సెల్లో పంపుతున్నాను. యజమానిని అడగలేదు.

మీ ఎద్గార్

తా.క.: "ఉంది, బాగుంది" అని ముందు ఓ ఉత్తరం రాశాను. చించేశాను. క్షమించండి.

నెవేర్, ఏప్రిల్ 2

నాయనా ఎద్గార్,

పార్సెల్ అందింది. రెండు రోజులు విప్పలేదు. ఇవాళ కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో ముక్కా పరిచాను.

మా గదిలో ప్రతి రవిక లోపలా ఓ పీలిక మీద వేసుకునే పిల్ల పేరూ, కుట్టిన నెలా సిరాతో రాసేవాళ్లం. దీని మీద నా చేతిరాతతో ఉంది: మిరెయ్, 1939 ఫిబ్రవరి.

అక్టోబరులో వెళ్లిపోయిన పిల్ల ఫిబ్రవరిలో ఎలా కుడుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది. తను పోయాక ఆ చలికాలమంతా నేను తన కుర్చీలో కూర్చునే పని చేశాను. చేతికి ఏమైందో, పట్టీలన్నీ తిరగేసి కుట్టేదాన్ని. హుక్కులు పడక పిల్లలు గోలపెట్టేవాళ్లు. "మీ చూపు మందగించింది" అన్నాడు మేనేజరు. కాబోలనుకుని కళ్లద్దాలు మార్పించాను.

ఆ కుట్టు నాదే, నాయనా. బొమ్మలో నేను గుర్తుపట్టింది నన్నే.

సాయంత్రం చర్చికి వెళ్లి, లెయోనీ పేరు మీద ప్రార్థన జరిపించమని ఫాదర్‌తో చెప్పాను. "ఏ ఏడాది పోయింది?" అని అడిగారు. "నలభై నాలుగు" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం ఇదే మొదటిసారి.

అపోలీన్

తా.క.: పని లేకపోయినా అప్పుడప్పుడూ రాస్తూ ఉండు. అప్పటికి నాకు ఉత్తరాలు రావడం ఆగి ఎంత కాలమైందంటే, నీ మొదటి ఉత్తరం పట్టుకొచ్చిన పోస్టుమాన్ "ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని నన్నే అడిగాడు.