మోరీలో పోసిన పాలపొడి

ప్రమీలక్కకు వందనాలు.

పరాయి దేశంలో సొంత జనాన్నే కాల్చి చంపుతున్న సైన్యంతో ఆ కంపెనీ వ్యాపారం చేస్తోందని నువ్వు చర్చిలో చూపించిన వీడియో నేనూ చూశాను. ఆ పూట అన్నం సయించలేదు. దాని సరుకు కొనొద్దన్న నీ మాట తప్పని నేననను.

కానీ నా బిడ్డకు వేరే పాలు పడవు, తాగిన వెంటనే కక్కేస్తుంది. డాక్టరు రాసింది ఆ కంపెనీ పాలపొడే. మన నంద్యాలలో మందుల షాపు మహీధరన్న దాన్ని తెప్పించడం మానేశాడు. "ప్రమీలక్కోళ్లొచ్చి అంగడి ముందర కూచుంటారు, నాకెందుకుమ్మా ఈ తంటా?" అన్నాడు. ఆళ్లగడ్డ పోయి కొన్నాను. అక్కడి బస్టాండులోనే పొడిని రాగిపిండి డబ్బాలోకి మార్చి, కంపెనీ డబ్బా పారేసి వచ్చాను.

మా అత్త జీవమ్మ మూత తీసి కనిపెట్టింది. "ఏందీ పని? సంఘంలో మన పరువు తీస్తాండావా?" అని మొత్తం మోరీలో కుమ్మరించింది. మళ్లీ ఆళ్లగడ్డ పోనివ్వడం లేదు. అప్పట్నుంచి బిడ్డకు గంజినీళ్లే పోస్తున్నాను. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా దానికి లేదు.

ఆదివారం ఆ కంపెనీ సరుకు కొనబోమని ప్రమాణం చేయిస్తూ అందరినీ చేతులెత్తమంటావు. నా రెండు చేతుల్లో బిడ్డ ఉంటుంది. ముందు దాన్ని నువ్వు ఎత్తుకో అక్కా. ఎంత తేలికైపోయిందో చూడు. ఆ తర్వాత నన్ను చెయ్యెత్తమను.