పేలిక కట్టిన కాయ

అక్కకు నీ తమ్ముడు మేస్త్రీ దణ్ణం పెట్టి రాస్తున్నది ఏమంటే,

క్షేమం సంగతులు కింద వస్తాయి. ముందు ఇటుకల సంగతి తేలాలి.

నీ కూతురి పెళ్లి భోజనాల్లో, వరుసల నిండా జనం కూర్చుని తింటూ ఉండగా, నేను బుట్టెడు టమాటాలు నెత్తిన మోసుకొచ్చాను. నువ్వు ఒకటి కోసి ముక్క నోట్లో వేసుకుని, "మావాడు గోడలు కట్టీ కట్టీ చివరికి ఇటుకలు పండించడం మొదలెట్టాడు" అన్నావు. బావ నవ్వి నవ్వి పొలమారితే, ఇద్దరు చేరి వీపు చరిస్తే గానీ ఊపిరి తిరగలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ నవ్వు నా చెవిలోంచి పోలేదు. మీ వైపువాళ్లు ఈ రోజుకీ నేను కనిపిస్తే "ఇటుకల పంట ఎలా ఉంది మేస్త్రీ" అనే పలకరిస్తారు. ఆ పెళ్లికూతురికి కోడలు కూడా వచ్చేసింది. నా నెత్తిమీది బుట్ట మాత్రం ఇంకా దిగలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో ఏనాడైనా నన్ను మాట పూర్తి చెయ్యనిచ్చావా? కాగితానికైతే అడ్డు తగల్లేవు. రెండో తరగతి గుమ్మం దాటనివాణ్ణి, అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. కళ్లద్దాలు తుడుచుకుని చదువుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న మీ పెద్దాడు లారీ ఆపి నీ ఉత్తరం ఇచ్చాడు. నీ మరదలి మోకాలు ఎలా ఉందని అడిగావు. మోకాలు నడవనంటోంది, నోరు మాత్రం రెండింతలు నడుస్తోంది. నేను చుట్ట మానానా అని అడిగావు. మానలేదు. నువ్వు అడగడం మాను. పంపిన విత్తనాలు వేశావా, గూట్లో పడేసి మర్చిపోయావా అని అడిగావు. వేశాను. అసలు ఈ కాగితం అందుకే.

అమ్మ పెరట్లో ఉన్నది ఒకటే రకం టమాటా. నీకు పెళ్లయి వెళ్తున్నప్పుడు నీ చేతిలో చిటికెడు విత్తనాలు పోసింది. నేను వేరు కాపురం పెట్టినప్పుడు నాకూ చిటికెడు పోసింది. తల్లీ ఒకతే, విత్తనమూ ఒకటే. అయినా నలభై ఏళ్లుగా అమ్మ టమాటా నా దగ్గరే ఉందని నువ్వు, కాదు నా దగ్గరుందని నేను. చివరికి ఈ ఏడు "పక్కపక్కన వేసి చూడరా, నీకే తెలుస్తుంది" అని పొట్లం పంపి రెచ్చగొట్టావు. నేను రెచ్చిపోయాను. తాడు పట్టి, మట్టం చూసి, రెండు వరుసలు వేశాను.

ఉన్నదున్నట్టు చెబుతాను, విను. నా మొక్కలు నిలువుగుంజల్లా నిలబడ్డాయి. కాయలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా, నున్నగా కాశాయి. ఒక్క పగులు లేదు. చెయ్యి జారి పడితే దొర్లుతుంది గానీ చిట్లదు. కోసి కిటికీ గట్టు మీద పెడితే వారాల తరబడి కొత్త పెళ్లికొడుకులా కూర్చుంటుంది.

మరి నీది? కల్లు తాగినవాడి నడకలాగా ఒక కొమ్మ ఇటు, ఒక కొమ్మ అటు. ఊతకర్ర కడితే ఆ కర్రనే వంచింది. కాయ నిండా ముడతలు. అడుగంతా ఎర్రబడినా తొడిమ దగ్గర పచ్చదనం వదలదు. నాలుగు చినుకులు పడితే చాలు, పగిలి నోరు తెరుస్తుంది. ఒక కాయకీ ఇంకో కాయకీ పోలిక లేదు. బుట్టలో వేస్తే పైనున్న కాయ బరువుకే కిందున్నది చితికిపోతుంది. నా దగ్గర పనిచేసేవాడెవడైనా ఇలాంటి గోడ కడితే వాడి తాపీ వాడి చేతికిచ్చి ఇంటికి పంపేసేవాణ్ణి.

చూపుకి నేనే గెలిచాను కదా, రుచి కూడా తేల్చేద్దామని పక్కింటి డ్రైవర్ని పిలిచాను. జన్మంతా బస్సు తోలి ఇంట్లో కూర్చున్నవాడు, నిజం చెప్పడానికి ఎవరికీ జడవడు. రెండు పళ్లేల్లో రెండు రకాలూ కోసి, ఉప్పు చల్లి, ఏది ఎవరిదో చెప్పకుండా పెట్టాను.

నా ముక్క నమిలి, "గట్టిగా ఉంది మేస్త్రీ, బాగుంది" అన్నాడు. నీ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత పళ్లెం ఎత్తి అడుగున మిగిలిన రసం తాగేశాడు. మోచేతి దాకా కారింది.

"ఇంకో కాయ కొయ్యి" అన్నాడు.

"తీర్పు చెప్పవయ్యా అంటే తిండి అడుగుతావేంటి?"

"తీర్పే చెబుతున్నా. ఇంకోటి కొయ్యి."

నీ మరదలు గుమ్మంలో నిలబడి తన ముక్క తిన్నది. నా వైపు ఒక చూపు చూసింది. "ఇన్నేళ్లూ ఇది వదిన దగ్గర ఉంచుకుని, నా చేత ఇటుకలు వండించారా?" అన్నది. తర్వాత, "వదినకి తెలియనిది నేను చెప్పనా, మీరే చెబుతారా?" అన్నది.

ఎవరో చెప్పేకంటే నేనే చెబుతాను. నా వరుసకి పొద్దుటి ఎండ తగిలేచోటు ఇచ్చాను. బాగా మాగిన పేడ ఎరువు వేశాను. నీ వరుసకి గోడ నీడ, సున్నం పెళ్లలున్న నేల. నీళ్లు నా వరుసకి కడుపునిండా పోసి, బిందెలో మిగిలితే నీ వరుసకి. ఒకరోజు నీ మరదలు చూసి, "ఇదేం పోటీ అండీ? ఒకడికి భోజనం పెట్టి, ఇంకొకణ్ణి పస్తుంచి, ఇద్దర్నీ కుస్తీకి దింపుతున్నారు" అన్నది. ఆ మాట అన్నందుకు రెండు రోజులు తనతో మాట్లాడలేదు.

ఇంత చేసినా నీదే నెగ్గింది. మింగలేకా కక్కలేకా ఉన్నాను. ఆ రసం మోచేతి దాకా కారగానే నాకు అమ్మ గుర్తొచ్చింది. "మోచేయి తడవకపోతే అది టమాటా కాదురా" అనేది కదా. రాయక తప్పడం లేదు గనక రాస్తున్నాను: అమ్మ టమాటా నీ దగ్గరే ఉంది. ఒక్కసారే రాస్తాను, మళ్లీ రాయమని అడగకు. పదిమందికీ చదివి వినిపించావంటే ఊరుకోను.

ఒకే విత్తనం రెండు రకాలెలా అయిందని తల బద్దలు కొట్టుకున్నాను. దోషం నా కంటిదే. ఏటా విత్తనానికి కాయ తీసేటప్పుడు, గుండ్రంగా ఉన్నదే తీశాను, పగలనిదే తీశాను. రాళ్లలో రాయి ఏరినట్టు ఏరాను. వంకర కాయ కనబడితే ఛీ అన్నాను. అది పౌరుషం గలది, నా పెరట్లోంచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ రసం కూడా పట్టుకుపోయింది.

సరే, ఇంతటితో నీకు దణ్ణం పెట్టి ముగించేసేవాణ్ణి. కానీ నిన్న మీ పెద్దాడు పళ్లెం నాకుతూ ఏమన్నాడో తెలుసా?

"బాగా కాశాయి మావయ్యా. అమ్మ ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేస్తోంది కదా, మూడో అంతస్తు, మట్టి అన్నది కంటికి కనబడదు. అందుకే ఉన్న విత్తనాలన్నీ నీకే ఇచ్చేసింది."

ఉన్నవన్నీనా! రెండు వైపులా రాసిన ఉత్తరంలో మోకాలు ఉంది, చుట్ట ఉంది, మీ వీధి చివర కుళాయి చెడిపోయిన సంగతి కూడా ఉంది. నువ్వు ఇల్లు వదిలేస్తున్న సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. "నా విత్తనం కాపాడరా తమ్ముడూ" అని నోరు తెరిచి అడగడానికి నీకు నామోషీ. అడిగితే నేనేదో ఒకటి అంటానని. అనేవాణ్ణే! అని, తర్వాత కాపాడేవాణ్ణి. పోటీ అని బొంకి పంపుతావా? సొంత తమ్ముడి దగ్గర కూడా ఈ డొంకతిరుగుడు ఏంటక్కా?

ముందే చెప్పి ఉంటే నేనా పని చేసేవాణ్ణి కాదు. ఇప్పుడు రాయబోయేది కూర్చుని చదువు.

నీ పొట్లం మొత్తం ఒకేసారి నారు పోశాను. దట్టంగా మొలిచింది. అందులో ఆరు మొక్కలు నాటుకుని, తక్కిన నారంతా చోటు దండగని పీకి గోడవతల పారేశాను. ఆ ఆరింట్లో రెండు నేను పోసిన నీళ్ల సంబడానికి ఎండిపోయాయి. ఇప్పుడు అమ్మ టమాటా అంటే నా పెరటి గోడ నీడలో ఉన్న నాలుగు మొక్కలు, అంతే. అవి కూడా ముదిరిపోయాయి, ఆకు పసుపు తిరుగుతోంది. కొత్త పూత లేదు. తిట్లు ఏమైనా ఉంటే దాచిపెట్టుకో, ముందు పని చూడు.

పని ఏమంటే, వీటిలోంచి విత్తనానికి కాయ తియ్యాలి. నేను ఎంచానంటే నాలుగేళ్లలో ఇవీ ఇటుకలైపోతాయి. అమ్మ పాత గుడ్డ చింపి ఏదో ఒక కాయకి పేలిక కట్టేది. ఆ కాయ మీద చెయ్యి వేస్తే వీపు విమానం మోత మోగేది. పేలిక నాకు బాగా గుర్తు, కాయ గుర్తు లేదు. నేనెప్పుడూ గోడెక్కి కూర్చునేవాణ్ణి. గిన్నె పట్టుకుని అమ్మ పక్కన నిలబడింది నువ్వే. ఏ కాయకి కట్టేది? మొదటి గుత్తిదానికా, చివరిదానికా? పగిలినదానికా, పగలనిదానికా? లేక ఒక కాయ తిని చూసి, నచ్చితే అదే మొక్కలో ఇంకోదానికా? నలభై ఏళ్లూ నువ్వు అదే పద్ధతిలో కట్టి ఉంటావు. నేను ఏనాడూ అడగలేదు, నువ్వు ఏనాడూ చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే.

నీ జవాబు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక, నా తువ్వాలు చింపి, నీ నాలుగు మొక్కల మీదున్న ప్రతి కాయకీ పేలిక కట్టేశాను. ఎవరూ ముట్టడానికి వీల్లేదు, నాతో సహా. నీ మరదలు వరండాలోంచి చూసి "పెరడు కాదు, ఆసుపత్రి" అంటోంది. డ్రైవరు గోడ మీదుగా తొంగిచూసి, "ఎక్కడ గుద్దుకున్నాయి మేస్త్రీ, అన్నిటికీ కట్లేశావు?" అని అడిగాడు. నవ్వుకోనీ.

మూడో అంతస్తయితే ఏం, వరండాకి ఎండ ఏ పూట తగులుతుందో మీ పెద్దాణ్ణి చూడమను. పాత బకెట్టుకి అడుగున చిల్లులు పెట్టించి ఉంచు. మట్టి నేను పంపిస్తాను. నారు కూడా పంపిస్తాను, జవాబు సరిగ్గా చెబితే.

రేపు పొద్దున్న మీవాడు తిరుగు దారిలో ఆగుతాడు, ఈ కాగితం వాడి చేతిలో పెడతాను. గురువారం సాయంత్రంలోగా నాకు జవాబు చేరాలి. మబ్బు ముసురుకుంటోంది. వాన పడిందంటే నీ కాయలు ఒక్కటీ ఆగవు, వాటి బుద్ధి నీకు తెలియనిది కాదు. రాయడానికి వ్యవధి లేకపోతే ఫోనే చెయ్యి. ఈసారి నేను అడ్డు తగలను. గురువారం దాటిందా, శుక్రవారం పొద్దున్నే నేనే వరుసలోకి దిగి, నా కంటికి నచ్చిన కాయ కోసేస్తాను. నా కంటికి ఎలాంటి కాయ నచ్చుతుందో నీకు తెలుసు.

ఇట్లు,
ఇటుకలు పండించిన నీ తమ్ముడు