తోడేలు నోట్లోకి

పాదువా, ఇటలీ
జూన్ 12

చిట్టితల్లి ఇలింకాకు, అమ్మ ముద్దులు. నేను కులాసా.

ఇటాలియన్ పరీక్ష గట్టెక్కాను. ఆ పొద్దున నేను మెట్లు దిగుతుంటే, నేను కనిపెట్టుకునుండే ముసలావిడ ఎర్సీలియా గుమ్మంలోంచి "వెళ్లవే, తోడేలు నోట్లోకి వెళ్లు!" అని అరిచింది. మన కొండల్లో చలికాలంలో తోడేలు పేరే ఎత్తం కదా, గుండె జారిపోయింది. అయినా మర్యాదకి "థాంక్సండీ" అన్నాను. ఆవిడ చేతికర్ర నేలకేసి కొట్టింది.

"థాంక్స్ అంటే అచ్చిరాదే, మొద్దూ! 'చావనీ దాన్ని' అనాలి. పైకొచ్చి మళ్లీ బయల్దేరు!"

మంచి జరగాలని ఇక్కడ అలాగే దీవిస్తారట. మూడేళ్లలో నాకా దీవెన దొరకడం అదే మొదలు.

ఆవు ఈనిందా? అమ్మమ్మ మోకాళ్లకి నేను పంపిన మందు రాస్తున్నావా? ఎప్పుడొస్తావని అడిగావు. ఇలాంటివి అడిగితే ఇక్కడివాళ్లు భుజాలెగరేసి "బో" అంటారు, ఏమో అని. ఆ మాట మాత్రం నీకు నేర్పను.

ఇరవై ఎనిమిదిన నీ పరీక్ష కదా. నువ్వు గడప దాటే వేళకి నేనిక్కడ గుమ్మంలో నిలబడి అంటాను: వెళ్లు తల్లీ, తోడేలు నోట్లోకి వెళ్లు. అమ్మమ్మ జడుసుకున్నా సరే, "చావనీ దాన్ని" అని గట్టిగా అరువు. నాకు వినపడాలి.

మీ అమ్మ,
వియోరికా