నూట నాలుగు పేజీల మీద నా సంతకం

నవంబరు 12, బుధవారం, మధ్యాహ్నం

ప్రియమైన చిక్కుముడికి,

నీ పక్క బల్ల దాని నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమని మీ అక్క చెప్పింది గనక ఆ ప్రశ్న అడగను. ఏడు నెలల తర్వాత రాస్తున్నాను కదా, ఎలా మొదలుపెట్టాలో తోచక పెద్దవాళ్ళ వరసలో మొదలుపెట్టాను. నవ్వితే నవ్వు. చించెయ్యదలిస్తే మాత్రం చివరిదాకా చదివి చించు.

పోయిన శుక్రవారం మీ అక్క నీ పుస్తకాలు తీసుకెళ్ళడానికి మన లెక్కల శాఖకి వచ్చింది. ఆవిడ బట్టల దుకాణంలో నువ్వు కొలబద్ద పట్టుకుని కూర్చుంటున్నావట. గుడ్డ కొలవడంలో నీ చెయ్యి తప్పదనీ, బేరాలాడేవాళ్ళు నీ మొహం చూసి నోరెత్తరనీ మురిసిపోయింది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. పుస్తకాలు ఇవ్వలేదు. బీరువా తాళంచెవి కనబడలేదని చెప్పాను. అది నా చేతిసంచిలోనే ఉంది.

ఇక్కడి సంగతులు పెద్దగా లేవు. అవే మూడు గదులు, కింద అదే మట్టి పరీక్షల ఆఫీసు. ఆరుగురు విద్యార్థులు కాస్తా ఎనిమిదిమంది అయ్యారు, అదే మాకు గొప్ప. పెద్ద గదిలో గోడ చెమ్మెక్కితే నల్లబల్లని కిటికీ ఎదురుగా మార్చారు. సాయంత్రం నాలుగింటికి ఎండ పడి సగం సమీకరణం కనబడదు. ఆ సగం పెద్దసారు నోటితో చెబుతారు. ఆయన మార్చిలో రిటైరవుతున్నారు. ఉన్న ఆ ఒక్క లెక్చరర్ పోస్టూ నాకే ఇచ్చారు. ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. అభినందనలు వద్దులే.

ఇక అసలు విషయం. నీ థీసిస్ తిరగరాసి ఇస్తానని ఒప్పుకోవడానికి గడువు ఈ నెల ముప్ఫైతో సరి. ఆలోగా ఫారం రాకపోతే రిజిస్టరులో నీ పేరు కొట్టేస్తారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఫారం ఇందులో పెట్టాను. పెద్దసారు తాను రాయాల్సింది రాసేశారు.

నువ్వు వెళ్ళిపోయాక ఆయన నీ ముప్ఫై ఒకటో పేజీ పట్టుకుని కూర్చున్నారు. ఒక ముడిని కాగితం మీద ఎన్ని రకాలుగా గీసినా, దాన్నుంచి నువ్వు లెక్కకట్టే సంఖ్య మారదని కదా అందులో రాశావు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అదే ముడిని ఇంకోలా గీసేసరికి అది కాస్తా మారి కూర్చుంది. ఎక్కడ జారిపోయిందో పట్టుకోవడానికి పెద్దసారుకే పదకొండు రోజులు పట్టింది. తాడు ఒకసారి పైనుంచి, మరోసారి కిందనుంచి, క్రమం తప్పకుండా సాగే ముడులకైతే నీ మాట అక్షరాలా నిజమట. ఆ షరతు చేర్చి, తర్వాతి రెండు అధ్యాయాలు సర్దితే పట్టాకి అది ఎక్కువేనట. చేతికందిన దాన్ని వదిలేసి పోయిందేమిటని ఆయన సుద్దముక్క గోడకేసి కొట్టారు. ఆయన అలా కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ థీసిస్ పరీక్ష రోజు జరిగింది నీకు తెలియనిది కాదు. అయినా రాస్తున్నాను, రాస్తేగానీ నాకు ధైర్యం రాదు. నలభై నిమిషాలు నువ్వు నల్లబల్ల ముందు నిలబడ్డావు. ఇది ఎవరైనా సరిచూశారా అని పరీక్షకుడు అడిగారు. థీసిస్ బయటికి వెళ్ళేముందు తోటి విద్యార్థి ఒకరు చిత్తుప్రతిని గీతగీతా చదివి, ప్రతి పేజీ అడుగున చదివాను, ఒప్పుకున్నాను అని రాసి సంతకం పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఇంత చిన్నచోట ఒకరి కళ్ళే ఇంకొకరికి దిక్కని పెద్దసారు పెట్టిన పద్ధతి. నీ నూట నాలుగు పేజీల మీదా ఉన్నది నా సంతకం. నువ్వు మాత్రం తప్పు నాదే, చదివినవాళ్ళది కాదన్నావు. నా పేరు బయటికి రానివ్వలేదు.

తర్వాత వరండాలో కుళాయి దగ్గర నన్ను నిలదీశావు. ఆ తప్పు ముందే చూశానా అని అడిగావు. నేను కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. పోస్టు ఒకటి, మనం ఇద్దరం. చూసి కూడా నోరు కుట్టేసుకున్నానని నీకు నువ్వే తేల్చుకుని, కుళ్ళుబోతుదానివన్నావు. నేను కాదనలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయావు.

మీ అక్క ఇంకో మాట చెప్పింది. అది చెప్పకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఎవరైనా లెక్కల ఊసెత్తితే నువ్వనేది ఒకటేనట: నా పక్క బల్లదానికి ఒక్క చూపులో దొరికిన తప్పు నాకు మూడేళ్ళు దొరకలేదు, ఇలాంటి బుర్రకి గుడ్డ కొలవడమే ఎక్కువ అని. ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటున్నావనుకున్నాను. నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావని నాకు తట్టనేలేదు.

ఇప్పుడు మొదటి సంవత్సరం వాళ్ళకి నేనే పాఠం చెబుతున్నాను. వాళ్ళలో ఒక సన్నటి పిల్ల ఉంది. నిన్న ఒకే గీత దగ్గర నాలుగుసార్లు లేచి నిలబడి, అర్థం కాలేదండీ అంది. మిగతావాళ్ళు విసుక్కున్నా ఆ పిల్ల చెక్కుచెదరలేదు. నాలుగోసారి సగం చెప్పి సుద్దముక్క కింద పెట్టేశాను. పాఠం అక్కడే ఆపేసి క్లాసు వదిలేశాను.

ఫారం మీద సంతకం పెట్టి వెంటనే పంపు. అక్కనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పక్క బల్ల

తా.క.: పైన రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ అసలు నిజం కూడా లేదు. ఆ తప్పు నేను చూడలేదే. పందొమ్మిదో పేజీ దాటాక నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగుదామని రెండుసార్లు నీ దగ్గరికి వచ్చాను. నువ్వు చెబుతుంటే గంగిరెద్దులా తలూపి వెళ్ళిపోయాను. మిగిలిన ఎనభై అయిదు పేజీల మీదా గుడ్డిగా సంతకాలు పెట్టాను. కుళాయి దగ్గర నువ్వు కుళ్ళుబోతుదానివన్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఊపిరి తిరిగింది. అర్థం కాలేదని ఒప్పుకోవడం కన్నా చెడ్డదాన్ని అనిపించుకోవడమే తేలికనిపించింది. దానివల్ల నువ్వు లెక్కలే మానేస్తావని అనుకోలేదు. ఈ ఉదయం పెద్దసారుకి అంతా చెప్పేశాను. పోస్టు ఉంటుందో ఊడుతుందో సోమవారం తేలుతుంది. ఆయన విడమరిచి చెప్పాక కూడా ముప్ఫై ఒకటో పేజీ నాకు పూర్తిగా బోధపడలేదు. నువ్వొచ్చి చెప్పు. అర్థమయ్యేదాకా తలూపను.