మెబ్‌మూద్ పెళ్లి కార్డు

భువనగిరి,
12-8-1989

నా బిడ్డ వజీరాకు,

అబ్బా చేతులెత్తి చేసే దువాలు. ఇక్కడ నేనూ మీ అమ్మీ బాగున్నాం. మహబూబ్‌నగర్‌లో నువ్వూ వేళకు తింటూ బాగున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మీ మోకాలి సంగతి అడిగావు. దవాఖానలో ఇచ్చిన నూనె రాస్తున్నాం. నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. "బిడ్డ హాస్టల్ల కడుపు నిండ తింటాందో లేదో, జర అడిగి రాయుండ్రి" అని పక్కనే కూర్చుని పోరుతోంది. అడిగినట్టే అనుకో.

మా అచ్చు ప్రెస్సులో ఇంకా ఆ ఇంగ్లీషు వాలు అక్షరాలు వాడుతున్నారా అన్నావు. శ్రావణం కదా, చేతినిండా పెళ్లి కార్డులే. తెలుగు ఎంత చక్కగా కూర్చినా, పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ ఇంగ్లీషు వాలు అక్షరాల్లో లేకపోతే కార్డుకు కళ రాదంటారు జనం. సన్మాన పత్రాలకూ అవే, డాక్టర్ల చీటీల మీద పేర్లకూ అవే. నాకూ అవంటే ప్రాణం. నిలువు అక్షరాలు హాజరు పలికే బడిపిల్లల్లా బిగుసుకుని నిలబడతాయి. ఇవి కాస్త ముందుకు వాలి ఉంటాయి. గీత సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నబడి చివర చిన్న కొక్కెంలా తిరుగుతుంది. మీ దాదా ఉర్దూ రాస్తూ కలం ఎత్తేచోట అలాంటి కొసే వచ్చేది. 'ఎఫ్' తలా తోకా అది పోతపోసిన సీసపు దిమ్మె దాటి బయటికి ఉంటాయి కాబట్టి ముందు విరిగేది అదే. దాన్ని మాత్రం పసిపిల్లను దించినట్టు వరుసలోకి దించుతాను.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. నర్సు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయని, అర్థం కాకపోయినా అడగడానికి సిగ్గని, నెలాఖరుకు పెట్టె సర్దుకుని వచ్చేస్తానని రాశావు. "నీకింత ఇంగ్లీషు వస్తది గదబ్బా, నీ బిడ్డకెందుకు రాదు?" అన్నావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

వజీరా, నాకు ఇంగ్లీషు రాదు.

ఒక్క ముక్క రాదు. ఈ సంగతి మీ అమ్మీకి కూడా తెలియదు. నేను తెలుగు చదివి కూరుస్తాను, ఇంగ్లీషు మాత్రం బొమ్మ చూసి బొమ్మ పెడతాను. పదకొండేళ్ల కింద ఆ వాలు అక్షరాలు కొత్తగా వచ్చినప్పుడు, అక్షరాల పెట్టెలో ఏది ఏ గడిలో వేయాలో ప్రెస్సు యజమాని కాటమయ్య సారును అడగడానికి నామోషీ అనిపించింది. సారు ఊళ్లో లేని రోజు చూసి, ఏడేళ్ల నిన్ను ప్రెస్సుకు తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టాను. నువ్వు ఒక్కో అక్షరం చూసి పేరు చెప్పావు, నేను గడుల్లో వేశాను. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుంది. పైగా వాలు 'హెచ్' కాలు లోపలికి వంగి అచ్చం 'బి' లాగే ఉంటుంది. నువ్వు రెండింటినీ తారుమారు చేశావు.

మూడో రోజుకు అబ్దుల్ హమీద్ సాబ్ తన కొడుకు పెళ్లి కార్డులు పట్టుకుని ప్రెస్సు ముందు నిలబడ్డాడు. "అలీ భాయ్, నేను అహ్దుల్ అయిన, నా కొడుకు మెబ్‌మూద్ అయిండు. గీ మెబ్‌మూద్ గాడెవడు? గీనికి నిఖా నేనెట్ల చేయాలె?" అని అరిచాడు. బజారంతా నవ్వింది. "అచ్చరాలు గట్లనే కలిసి వచ్చినయి సార్" అని కాటమయ్య సారుకు అబద్ధం చెప్పాను. మర్నాడు ఆ రెండు గడులూ మార్చి, కార్డులన్నీ మళ్లీ అచ్చు వేశాను.

నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. తప్పు నీది కాదు బిడ్డా. అడగాల్సిన మనిషిని అడగకుండా నీ దగ్గరికి వచ్చిన నాది. పదకొండేళ్లు ఆ సిగ్గును మోశాను. ఇప్పుడు అదే సిగ్గు నీ ఉత్తరంలో కనిపించేసరికి భయం వేసింది.

అందుకే నిన్న పొద్దున కాటమయ్య సారు ముందుకు పోయి ఉన్నదంతా చెప్పేశాను. పని పోయినా సరే అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు. "నాకు తెల్వదా అలీ? ఇంగ్లీషు ప్రూఫును తలకిందులు పట్టుకొని సూస్తవు. నువ్వే అడుగుతవేమోనని ఊకున్న. రోజు పొద్దుగాల ఒక గంట కూసో, నేర్పిస్త" అన్నాడు. అంతే. పదకొండేళ్ల ఫికర్ ఆ మాటతో పోయింది.

నువ్వూ అడుగు. అడిగితే నవ్వుతారు, నవ్వాక చెబుతారు.

దీంతో ఒక చిన్న కాగితం పెట్టాను. నీ పేరు, దాని కింద నర్సు అన్న మాట, వాలు అక్షరాల్లో. నీ పేరు కవరు మీద నువ్వు రాసింది చూసి కూర్చాను, రెండో మాట సారును అడిగాను. బొమ్మలుగా కాదు, ఒక్కో అక్షరం పేరు పైకి చదువుతూ కూర్చాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది టపాలో పంపు. నువ్వు మాత్రం పట్టుకుని రాకు.

ఇట్లు,
నీ దగ్గర తొలి పాఠం చెప్పించుకున్న
మీ అబ్బా
అహ్మద్ అలీ