పొడుం డబ్బాలో బొగ్గు

మా అమ్మలుకి అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాలు కూడా బాగుందనే అనుకో. నాన్న దగ్గు సంగతి అడిగావు. దగ్గు తగ్గింది, నేను గదిలోకి వెళ్ళగానే దగ్గడం మాత్రం తగ్గలేదు.

ఉక్కు ఫ్యాక్టరీలో నీ పని గురించి రాసిన ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. "మూసిన గదుల్లో గాలి తగలకుండా వేడి చేస్తాం" అని రాశావు. ఆ గదిలో నువ్వూ ఉంటావనుకున్నాను. ఊపిరాడక ఏమైపోతావోనన్న ఆలోచనలో పాలు పొంగిపోయినా చూడలేదు. కొలిమి దగ్గర కొడవలి సాగగొడుతున్న మీ నాన్న సుత్తి కింద పెట్టి మరీ నవ్వారు.

"గాలి లేనిది బొగ్గుకే పిచ్చిదానా, నీ కూతురికి కాదు. అది బయట నిలబడి చూస్తుంది."

బయటంటే ఎంత బయటో ఆయన చెప్పలేదు. నువ్వు రాయి.

ఉద్యోగం ఖాయం చేస్తామంటున్నారు, ఉండిపోనా అని అడిగావు. వద్దనే రాద్దామనుకుని, నీ ఉత్తరం మళ్ళీ చదివాను. వేడికి బొగ్గుపొడి మెత్తబడి ఉబ్బుతుందట. లోపలి అల్లిక తెగి, తారూ గ్యాసూ బయటికి పోయి, మిగిలింది కొత్తగా అల్లుకుని గట్టిపడి, ఇనుము కరిగించే కోక్ అవుతుందట. అల్లిక నాకు తెలిసిన మాటే, నీ స్వెటర్ ఎన్నిసార్లు విప్పి అల్లలేదు? కానీ బొగ్గు మెత్తబడటమేమిటి? నేనెరిగిన బొగ్గు కాలితే బూడిదవుతుంది.

ఇక్కణ్ణుంచి రాసేది మీ నాన్నకు చెప్పకు. ఆయన ఇల్లంతా వెతుకుతున్న పొడుం డబ్బా నేనే తీశాను. ఆయన బయటికెళ్ళినప్పుడు అందులో కొలిమిలో వేసే రాక్షసిబొగ్గు పొడి పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, మేకుతో చిన్న బెజ్జం పెట్టి నిప్పుల్లో ఉంచాను. పేలుతుందేమోనని తలుపు చాటున నిలబడ్డాను. బెజ్జంలోంచి పసుపు పొగ వచ్చింది. తర్వాత సన్నటి మంట. తర్వాత అదీ ఆగిపోయింది. చల్లారాక తెరిస్తే పొడీ లేదు, బూడిదా లేదు. లోపలంతా ఒకటే గడ్డ. ఒళ్ళంతా బెజ్జాలు, చేతికి తేలిక. చెంచాతో కొడితే ఖంగుమంది.

నువ్వు రాసింది రాసినట్టే జరిగిందమ్మలూ. నాకే ఆ తలుపు దగ్గర్నుంచి కదలబుద్ధి కాలేదు, ఇక నిన్నెలా వచ్చేయమంటాను? ఉండిపో. నిలబడే చోటునుంచి ఇంకో అడుగు వెనక్కి నిలబడు, అంతే.

గడ్డను గుడ్డలో చుట్టి పంపిస్తున్నాను. సరిగా అయిందో లేదో మీ పెద్దసారుకి చూపించి రాయి. కాలేదంటే, మీ నాన్న కొత్త డబ్బా కొన్నాక మళ్ళీ చేస్తాను.

ఇట్లు,
తలుపు చాటునుంచి,
మీ అమ్మ