బువ్వ పటేల్

మాఘ బహుళ తదియ, సోమారం

రేపు వస్తున్నరు వియ్యాలోల్లు. బెజవాడల రైలెక్కి భోనగిరిల దిగుతరు. నాలుగేండ్లాయె నేను ఈ దినం కోసం ఎదురుజూడవట్టి.

నా కొడుకు నర్సింలు పెండ్లి వాళ్ల ఊర్లె అయింది. పందిట్ల బంతికి కూసున్నం. ఆకులేసిండ్రు, పప్పేసిండ్రు, నాలుగు తీర్ల కూరలేసిండ్రు. తినేటిది మాత్రం రాకపాయె. నేనే కేకేసిన — "జర ఇటు బువ్వ తెండ్రి!"

పందిరి పందిరంత నవ్వు. ఆడోల్లు సుత, కొంగులు నోట్లె వెట్టుకొని. "మగపెళ్లివారి పెద్దాయనకి ఆకలేస్తోందర్రా, గోరుముద్దలు తినిపించండి" అని ఎవ్వడో. వాళ్ల దిక్కు బువ్వంటె పాలుదాగే పోరలతోని అనేటి మాటనంట. పెద్దోల్లు అన్నం అనాల్నంట. నాకేమెరుక? మా తాత బువ్వనే తిన్నడు, మా బాపు బువ్వనే తిన్నడు.

పెండ్లి అయిదొద్దులు నేను "బువ్వ పటేల్"ను. పోరగాండ్లు ఎన్కవడి పిలిచిండ్రు. మా ఊరికి పటేల్ను, ఊర్ల నా ముంగట గట్టిగ దగ్గేటోడు లేడు. అసుంటి నన్ను.

వియ్యంకుడు సుబ్బయ్య ఆడ్నే ఉన్నడు, గిన్నె పట్టుకొని. నోరు మూయించలే. నవ్విండు.

నాకు గుణింతం సక్కగ రాదు. రాకుంటె రాకపాయె. ఎవ్వల్కి సూపేటిది గాదు గిది.

మంగళారం

తీస్కొచ్చిన. కచ్చురం బండి కట్టుకొని నేనే వోయిన టేషనుకు.

సుబ్బయ్య మొకం సూడాలె! సరిహద్దు కాడ సుంకం వసూల్జేసే నాకదారులు రైల్లకెక్కి పెట్టెలిప్పించిండ్రంట. అరిసెల డబ్బల చెయ్యివెట్టి కలబెట్టిండ్రంట. ఏమడిగిండ్రో ఈనకు తెల్వదు, ఈనేం జెప్పిండో వాళ్లకు తెల్వదు.

"ఇదేం దేశం బావగారూ, బోర్డు చదవలేను, మాట అర్థంకాదు, ఆఖరికి మా రూపాయి కూడా వద్దన్నాడు తమలపాకులవాడు!"

"నిజాం రాజ్యం బావా. నా ఎన్క నడువు" అన్న.

నడిచిండు. పెట్టె నెత్తినవెట్టుకొని, నా ఎన్కనే.

కడుపు సల్లబడ్డది... సగం.

వచ్చింది రత్తమ్మను తీస్కపోనీకె. కోడలికి ఏడో నెల, తొలిసూరు. వచ్చే మంగళారం రైలుకు పోవాలె అంటున్నరు. నేను సరే అనలే, వద్దనలే. నలుగురిల్ల సుబ్బయ్య తప్పైందని ఒప్పుకుంటెనే బండి గడ్త. ఇంట్ల ముసల్దానికి జెప్పిన. అది నెత్తి గొట్టుకున్నది.

"తొలిసూరు పిల్లను పుట్టింటికి తోలకుంటె లోకం నవ్వదా?"

"నవ్వనియ్యి. నవ్వులు నాకు కొత్తనా?"

బుధారం

పొద్దుగాల జొన్నగట్క, పుంటికూర. కావాల్ననే వండిచ్చిన.

"ఇది గోంగూర కదా అన్నయ్యగారూ?" అన్నది వియ్యపురాలు.

"కాదమ్మా. పుంటికూర."

"రుచి చూస్తే అదే—"

"ఇక్కడ పుంటికూర."

సుబ్బయ్య గట్కను వేళ్లతోని అటిటు జరుపుతున్నడు, ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వక. నేను నవ్వలే. సూసుకుంట తిన్న.

రత్తమ్మ కిసుక్కుమన్నది. "గట్ల గాదు నాయినా, నడుమ గుంటజేసి పులుసు వోసుకోవాలె." వాళ్లమ్మ పిల్లను సూసి నోరు దెరిసింది — "దీని మాటంతా పాడైపోయిందండీ!" పాడైందంట. బాగైంది అనాలె.

నర్సింలు లేడు. అత్తమామలు వస్తున్నరని తెలిసి సుత ఆముదాల బండ్లేస్కొని పట్నం వోయిండు. అల్లుడు ఏడని వాళ్లడిగితే నాకు మొకం లేదు.

బేస్తారం

దేశం సూపిస్త రా బావా అని భోనగిరి తోలుకపోయిన.

ముందుగాల గుట్ట. ఆయన ఊర్ల చెరువుకట్ట కంటె ఎత్తైంది లేదంట. నున్నటి బండ, పట్టుకోనీకె గడ్డిపోస లేదు. నేను కట్టెవట్టుకొని ముంగట నడుస్తున్న, అరవై దాటినోన్ని. ఆయన పంచె ఎగగట్టి, కూసొని, చేతులానించి, దేకుకుంట. "అమ్మో... బావగారూ, కాస్త ఆగండి!" ఆగలే.

పైకొచ్చి ఆయాసపడుకుంట నాలుగు దిక్కులు సూసిండు. సూసి అన్నడు — "అంతా రాళ్లేనా? కాలవ ఒక్కటీ కనపడదే?"

అగో. గదీ వాళ్ల బుద్ధి. ఊపిరి ఆడకున్నా ఎక్కిరింత ఆడుతది. అప్పటిదాంక జర ఎనకముందు ఆడిన. గా మాటతోని గట్టివడ్డ.

దిగొచ్చి బజార్ల చాయ హోటల్ల కూసున్నం. ఆకలికి ఆయన కండ్లు లోపటికి వోయినై. "ఏమని అడగాలి బావగారూ వీళ్లని?"

"గట్టిగ, బువ్వా లావ్ అను. లావ్ అంటె తెమ్మని. ఇక్కడ గంతే."

ఒక్క దినంల మా భాష నేర్సుకోవాల్నని ఆశ ఆయనకు. గొంతు సవరించుకొని కేకేసిండు — "బువ్వా లావ్! బువ్వా!"

హోటలంత గప్‌చుప్. ఉర్దూల బూవా అంటె ఇంట్ల పనిజేసే పెద్దముసలామె. లోపట రొట్టెలు జేసేటామెను గట్లనే పిలుస్తరు. ఆమె సేతులకు పిండితోని బైటికొచ్చి నడుం మీద చెయ్యివెట్టింది — "కౌన్ పుకారే మేరేకు?" నన్నెవ్వలు పిలిచిండ్రని.

అందరు సుబ్బయ్య దిక్కు ఏలు వెట్టిండ్రు. ఆయన ఆమెకు దండం వెట్టి మల్ల అన్నడు, మెల్లగ — "బువ్వా... లావ్."

"ముసలోడు బూవను ఎత్కపోనీకె వచ్చిండురోయ్!" అని పైసల గల్ల కాడి సాయబు. పక్కలు వట్టుకొని నవ్విండ్రు. ఒకడు బల్ల మీదికెల్లి జారిండు.

నేను చాయ దాగిన. అంత తియ్యటి చాయ నా పుట్కల తాగలే.

అదే పొద్దు, మల్ల రాస్తున్న

బండిల వచ్చేటప్పటి సంగతి.

రామన్నపేట తొవ్వకు మలిగినంక సుబ్బయ్య అన్నడు — "కావాలనే చేశారు కదూ."

"అవ్."

"పెళ్లినాటి మాటకా?"

"నాలుగేండ్ల నుంచి."

"నవ్వాం బావగారూ. కాదనను. నేనూ నవ్వాను. కానీ ఆ పేరు మేం పెట్టలేదు."

"మీ ఊరంత పిలిచింది. బువ్వ పటేల్, బువ్వ పటేల్ అని—"

"పటేల్ అన్న మాట మా ఊళ్లో లేదు. మాకు మునసబూ కరణమూ. లేని మాటతో పేరెట్లా పెడతాం? మా పిల్లలు అదేదో దెప్పుడు మాటనుకున్నారు. నేర్పిందాన్ని పలికారు."

"నేర్పిందెవ్వడు?"

ఎడ్ల దిక్కు సూసిండు. నా దిక్కు సూడలే.

"ఆరోజు పందిట్లో ఆ మాట తెలిసినవాళ్లు ఎంతమంది? పెళ్లికొడుకు పక్కన మా కుర్రాళ్లు చేరి ఒకటే ఇకఇకలు. అంతకుమించి నన్నడక్కండి."

మా దిక్కుకెల్లి వోయినోల్లం... ముసల్ది పందిట్లకు రాలే. తమ్ముడు జరమొచ్చి విడిదిల పండుకున్నడు. పాలేరు బండ్ల కాడ. పందిట్ల నేను. పీటల మీద నర్సింలు.

నాలుగేండ్లు. ఎవ్వని మీద పండ్లు కొరికిన నేను?

శుక్రారం

రత్తమ్మను పిలిచిన. పీటల మీద పక్కన కూసున్నది ఆమెనే గద.

"బిడ్డా, గా పేరు ఎవ్వరు వెట్టిండ్రు?"

కాలి ఏలుతోని నేల గీకింది. "నాకేమెరుక మామా."

"ఎరుకనే."

"...ఆయన్నే అడుగుండ్రి."

చాలు. అయినా నాకు వాని నోట్లెకెల్లి కావాలె.

ముసల్ది తలుపు సాటుకెల్లి — "కొడుకన్నడే అనుకో, ఏం జేస్తవు? కొరుక్క తింటవా? ఊరోల్లందరికి పేర్లు వెట్టేటోనివి నువ్వేనాయె. నీ పోలికనే వానికి."

నేను వెట్టిన పేర్లు వాళ్ల మొకం మీద వెట్టిన. పరాయోల్ల పందిట్ల కన్నోన్ని అమ్ముకోలే.

శనారం

సుబ్బయ్య అరుగుమీద ఆ కొనకు, నేను ఈ కొనకు. చుట్ట ఇచ్చిండు. తీస్కున్న. నవ్వినోడు నవ్వినోడే, ఒక్క చుట్టతోని చెల్లు గాదు. హోటల్ల చేసిందానికి సుత నాకేం బాధ లేదు.

రత్తమ్మ మూట గట్టుకున్నది. కాళ్లు ఉబ్బినై. వాళ్లమ్మ మంగళారం, మంగళారం అని అందరికి ఇనవడేటట్టు అంటాంది.

పట్నంకెల్లి బండాయన వచ్చిండు. నర్సింలు కబురు వంపిండు — "నేను రానీకె ఇంక వారం వట్టేటట్టుంది. నా కోసం ఆగొద్దు, రత్తమ్మను తోలుండ్రి. మామను మంచిగ జూస్కోండ్రి."

మామను మంచిగ. ఇగో, దాక్కున్నడు. మామ నోరిప్పుతడని భయం. గా బండ్లు వట్నం ఎందుకు వోయినయో ఇప్పుడెరుకైంది.

బండాయన్ను కూసోనియ్యలే. చెంబెడు నీళ్లిచ్చి ఎన్కకు తిప్పిన. ఈ మాటలు మతిలవెట్టుకొని పో, ఒక్కటి వదలకు అన్న.

సోమారం పొద్దు గూకేలోపట ఇంటికి రావాలె. మామ ముంగట, మీయమ్మ ముంగట, ఊర్ల నలుగుర్ని పిలుస్త, వాళ్ల ముంగట నిలవడి చెప్పాలె. రాకుంటె మంగళారం కచ్చురం కట్ట. నీ పెండ్లాం ఇక్కన్నే కంటది, పుట్టింటికి తోలకపోవుడు ఎవ్వల పాపమో లోకమే అంటది. నువ్వు మాత్రం ఈ గడప తొక్కవు.

నాకు సాకులొద్దు. చిన్నతనం అనొద్దు, నవ్వులాటకు అనొద్దు. రెండే మాటలున్నయి — అన్న, అనలే. సోమారం పొద్దు గూకేదాంక. అటెన్క ఇనను.

చెప్పు నర్సింలూ. అన్నవా?